పదహారు గడుల్లో ఇమడని దరువు

(విశాఖపట్నంలో, కొత్తగా కంప్యూటర్‌లోనో ఫోన్‌లోనో బీట్లు చేయాలనుకునే కుర్రకారు ముందు, ఏ సాఫ్ట్‌వేర్‌తో మొదలుపెట్టాలన్న దాని మీద చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసింది.)

ముందు ఒక పని చేద్దాం. అందరూ మీ ముందున్న కుర్చీ వీపు మీద చేత్తో కొట్టండి. వినాయకుణ్ని బీచ్‌కి తీసుకెళ్లేటప్పుడు డప్పులవాళ్లు కొడతారు చూడండి, ఆ దరువు. జజ్జనక జజ్జనక. ఆ, అదే. వెనక వరసలో ఎవరో గట్టిగా అనుభవం ఉన్నవాళ్లే ఉన్నారు. (నవ్వులు)

చాలు, ఆపండి. ఇప్పుడు తెర చూడండి. ఇది ఎఫ్ఎల్ స్టూడియో, బీట్లు చేసే సాఫ్ట్‌వేర్. ఇందాకే తెరిచాను, ఏమీ ముట్టుకోలేదు. ఒక్కో వాయిద్యానికి ఒక్కో వరస, వరసకి 16 గడులు, నాలుగేసి గడులకి రంగు మారుతుంది. గడి నొక్కితే అక్కడ దెబ్బ పడుతుంది, అంతే. మీరు ఇప్పుడు కొట్టిన దరువుని ఎవరైనా వచ్చి ఇందులో పెట్టండి. రా తమ్ముడూ, నువ్వే రా.

(ఒక కుర్రాడు వచ్చి రెండు మూడు నిమిషాలు ప్రయత్నించాడు.)

విన్నారుగా? కుంటుతోంది. పెళ్లి ఊరేగింపులో ఒకడికి చెప్పు తెగిపోయినట్టు ఉంది. (నవ్వులు) కూర్చో తమ్ముడూ, తప్పు నీది కాదు. ఇక్కడ ఎవరైనా మృదంగమో, తబలానో నేర్చుకున్నవాళ్లుంటే ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. 16 గడులంటే తకధిమి నాలుగుసార్లు. మీరు కొట్టింది తకిట, మూడు మూడుగా నడిచేది. తకిట నాలుగుసార్లంటే 12. పదహారింట్లో పన్నెండుని సమానంగా సర్దాలని చూస్తే ఎక్కడో ఒకచోట పక్కకి జరగాల్సిందే, అక్కడే కుంటింది. ఈ 16 గడుల అలవాటు ఈ సాఫ్ట్‌వేర్ కనిపెట్టింది కూడా కాదు. 1980లో జపాన్ కంపెనీ రోలాండ్ టీఆర్-808 అని ఒక డ్రమ్ మెషిన్ తెచ్చింది, దాని కింది అంచున వరసగా 16 బటన్లు. అప్పటినుంచి బీటంటే 16 గడులే అన్నట్టు అయిపోయింది.

దీనికి మందు చిన్నదే. సెట్టింగ్స్‌లో టైమ్ సిగ్నేచర్ అని ఉంటుంది, అంటే తాళం లెక్క, 4/4 ఉన్నచోట 6/8 పెడితే బారులో, అంటే తాళం ఒక చుట్టు తిరిగేలోపు, గడులు 12 అవుతాయి. ఇప్పుడు పెడుతున్నాను, వినండి. జజ్జనక. వచ్చిందా? సరే.

ఇదంతా ఎందుకు చూపించానంటే, నాకు వారానికి ఇద్దరు ముగ్గురు మెసేజ్ పెడతారు, "అన్నా, బిగినర్స్‌కి ఏ సాఫ్ట్‌వేర్ బెస్ట్?" అని. నెట్‌లో వెతికితే పది పేర్ల జాబితాలు వంద కనిపిస్తాయి, ఆ జాబితా రాసినవాడికి మీ దగ్గరున్న ల్యాప్‌టాప్ ఏదో తెలీదు, మీ చెవిలో ఏ దరువు మోగుతోందో అసలే తెలీదు. నేను మాత్రం ఒకటే చెబుతాను. డబ్బు కట్టకముందు ఏ సాఫ్ట్‌వేర్ అయినా ఒక సాయంత్రం ముందేసుకుని కూర్చోండి, మీకు పుట్టినప్పటినుంచీ తెలిసిన ఒక దరువు, డప్పో, తప్పెటో, కోలాటమో, దాన్ని అందులోకి ఎక్కించండి. భోజనాలవేళకి ఎక్కిందా, అది మీకు పనికొస్తుంది. ఎక్కలేదా, ఇంకోటి చూడండి. అందులో ఎన్ని వందల సింథసైజర్లు, అంటే కంప్యూటరే స్వరాలు పుట్టించే వాయిద్యాలు, ఉన్నాయన్నది మొదటి ఏడాదికి మీకు అనవసరం.

నా సంగతి కొంచెం చెప్పాలి. నేను పగలు ఆటోనగర్‌లో లెక్కలు చూస్తాను, రాత్రి బీట్లు చేస్తాను. మొదలైంది 2014లో. అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది కదా, ఇక్కడున్న పెద్దవాళ్లందరికీ ఆ రోజు ఎక్కడున్నారో గుర్తుండే ఉంటుంది. పెదవాల్తేరులో మా వీధికి చాలా రోజులు కరెంటు లేదు. టీవీ లేదు, ఫ్యాన్ లేదు, సెల్ టవర్లు లేవు. సాయంత్రమైతే మేడ మీద నేనూ, మా పిన్ని కొడుకులిద్దరూ నీళ్ల బకెట్ బోర్లించుకుని వాయించేవాళ్లం. ఫోన్‌లో ఇంత చార్జింగ్ మిగిలితే దాన్ని రికార్డు చేశాను. ఎందుకు చేశానో తెలీదు. కరెంటొచ్చాక ఆ రికార్డింగ్ కంప్యూటర్‌లో వేసి, ఒక్కొక్క దెబ్బా కత్తిరించి, గడుల్లో పెట్టి మోగించాను చూడండి, ఆ రోజు రాత్రి నిద్రపోలేదు. ఆ బకెట్ దెబ్బ నా బీట్లలో ఇప్పటికీ ఉంటుంది. బకెట్ పగిలిపోయింది, దెబ్బ ఉంది.

అప్పుడు నా దగ్గరున్నది పాత డెస్క్‌టాప్, 2 జీబీ ర్యామ్. దాని మీద నడిచింది ఎల్ఎంఎంఎస్ అనే సాఫ్ట్‌వేర్. ఉచితం, విండోస్‌లోనూ లైనక్స్‌లోనూ మ్యాక్‌లోనూ నడుస్తుంది, చూడ్డానికి పాత ఎఫ్ఎల్ స్టూడియోకి చుట్టంలా ఉంటుంది. గడులున్నాయి, పియానో రోల్ ఉంది, అంటే స్వరాలు గీతల్లా గీసుకునే పేజీ, సింథసైజర్లూ బోలెడు. ఒకటే లోటు, మైకు పెట్టి గొంతు రికార్డు చేద్దామంటే కుదరదు. విడిగా ఆడాసిటీలాంటి దాంట్లో రికార్డు చేసి తెచ్చుకోవాలి. పాడేవాళ్లకి చిరాకు పుడుతుంది, బీట్లే చేసేవాళ్లకి పర్లేదు. ఇంకో తమాషా ఏంటంటే అది తెరవగానే టెంపో, అంటే నిమిషానికి ఎన్ని తాళం దెబ్బలన్న లెక్క, 140 ఉంటుంది. నా మొదటి పదిహేను బీట్లూ 140లోనే ఉన్నాయి. అది మార్చొచ్చని నాకు తెలీక కాదు, మార్చాలని తోచలేదు! ఏబుల్టన్ లైవ్ అని ఇంకో సాఫ్ట్‌వేర్ 120లో తెరుచుకుంటుంది, అందులో మొదలుపెట్టినవాళ్లని అడిగి చూడండి, సగం పాటలు 120లో ఉంటాయి. కాబట్టి తెరవగానే ముందు టెంపో మార్చండి. మీరు నడిచినప్పుడు అడుగు ఎంత వేగంగా పడుతుందో వాచీ పెట్టుకుని నిమిషానికి లెక్కపెట్టి, ఆ అంకె వెయ్యండి.

ఇప్పుడు మీ దగ్గర ఏముందో దాన్నిబట్టి మాట్లాడుకుందాం. ఫోన్ ఒక్కటే ఉన్నవాళ్లు చేతులెత్తండి. సగం మంది. సిగ్గేం లేదు, నేను చూసిన మంచి బీట్లు కొన్ని ఫోన్‌లో చేసినవే. ఆండ్రాయిడ్ అయితే బ్యాండ్‌ల్యాబ్ వేసుకోండి, ఉచితం, చేసింది వాళ్ల సర్వర్లోనే ఉంటుంది కాబట్టి ఫోన్‌లో మొదలుపెట్టింది రేపు నెట్ సెంటర్‌లో బ్రౌజర్ తెరిచి కొనసాగించొచ్చు, గాజువాకలో ఉన్న మీ ఫ్రెండ్ తన ఇంట్లోంచే అందులో గొంతు కలపొచ్చు. ఐఫోన్ ఉంటే ఇంకేం వెతక్కండి, గ్యారేజ్‌బ్యాండ్. యాపిల్ 2004లో మ్యాక్ కోసం తెచ్చింది, ఇప్పుడు ఫోన్‌లోనూ ఉచితమే. అందులో 6/8 కూడా ఉంది, పాట సెట్టింగ్స్‌లో చూడండి. మ్యాక్‌లో దాన్ని వాడి చెయ్యి తిరిగాక, అదే ఫైలుని యాపిల్ వాళ్ల పెద్ద సాఫ్ట్‌వేర్ లాజిక్‌లో తెరుచుకోవచ్చు, చేసిన పని వృథా పోదు. ఎఫ్ఎల్ స్టూడియో మొబైల్ అని ఇంకోటి ఉంది, కొనుక్కోవాలి. అది మంచిదేగాని కంప్యూటర్‌లో ఉండే ఎఫ్ఎల్ స్టూడియోనే ఫోన్‌లోకి వచ్చిందనుకుని కొనకండి, రెండూ వేరు.

విండోస్ ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లు ఎక్కువగా అడిగేది ఎఫ్ఎల్ స్టూడియో గురించే. బెల్జియం వాళ్లది, 1997లో ఫ్రూటీలూప్స్ అనే పేరుతో వచ్చింది, 2003లో ఈ పేరు పెట్టారు. నేను ఇప్పుడు వాడేదీ ఇదే, కాబట్టి నా మాటల్లో కొంచెం పక్షపాతం ఉంటుంది, తగ్గించుకుని వినండి. బీటు చేయడానికి ఇంత సులువైన పేజీ ఇంకెక్కడా లేదని నా నమ్మకం. తెరుస్తారు, గడి నొక్కుతారు, మోగుతుంది. ఒకసారి కొంటే తర్వాత వచ్చే వెర్షన్లన్నీ జీవితాంతం ఉచితం, ఇది వాళ్లు ఏళ్లుగా పాటిస్తున్న మాట. కానీ రెండు గోతులున్నాయి.

మొదటి గొయ్యి ట్రయల్, అంటే కొనకముందు వాడి చూసే వెర్షన్. ట్రయల్‌లో అన్నీ పనిచేస్తాయి, ఎన్ని రోజులైనా వాడుకోవచ్చు, పాట ఎంపీ3గా బయటికి తీసుకోవచ్చు, ఫైలు సేవ్ కూడా అవుతుంది. అయితే సేవ్ చేసిన ఫైలు మళ్లీ తెరవనివ్వదు, కొన్నాకే తెరుచుకుంటుంది. ఈ ముక్క చదవకుండా మా పిన్ని చిన్నకొడుకు మూడు రోజులు కూర్చుని ఒక బీటు చేశాడు, సేవ్ చేశాడు, కంప్యూటర్ కట్టేసి పడుకున్నాడు. పొద్దున్నే ఫోన్, "ఏటన్నా ఇది, నా ఫైలు నాకే ఇవ్వట్లేదు!" (నవ్వులు) నవ్వుతున్నారుగాని వాడు ఏడ్చినంత పనయింది. ట్రయల్ వాడేవాళ్లు లేవకుండా ఒకేసారి కూర్చుని బీటు ముగించడం అలవాటు చేసుకోండి, లేచేముందు ఒక్కో వాయిద్యాన్నీ విడిగా వేవ్ ఫైలుగా తీసిపెట్టుకోండి. నిజం చెప్పాలంటే ఇది మంచి అలవాటే, నేను ఇప్పుడు సగం బీట్లు ముగించకుండా వదిలేస్తుంటాను, ట్రయల్ వాడే రోజుల్లో ముగించేవాణ్ని.

రెండో గొయ్యి చవక ఎడిషన్. అన్నిటికన్నా తక్కువ ధరకి వచ్చేది ఫ్రూటీ ఎడిషన్. అందులో గొంతు రికార్డింగ్ ఉండదు. మీరు ర్యాప్ చేస్తారా, పాడతారా, అయితే దానికి పైదైన ప్రొడ్యూసర్ ఎడిషన్ దాకా ఆగి డబ్బు పోగేసుకుని కొనండి. బీట్లే చేసి వేరేవాళ్లకి ఇస్తారా, ఫ్రూటీ చాలు.

పాత ల్యాప్‌టాప్, 4 జీబీ ర్యామ్ ఉండి గొంతు రికార్డు చేయాలంటే రీపర్ ఉంది. డౌన్‌లోడ్ ఎంత చిన్నదంటే మీరు వాట్సాప్‌లో పంపే పెళ్లి వీడియో దీనికన్నా పెద్దది. చేసినవాడు జస్టిన్ ఫ్రాంకెల్, ఒకప్పుడు మన నెట్ సెంటర్లన్నిట్లో పాటలు మోగించిన విన్‌యాంప్ ఆయనదే. 60 రోజులు మొత్తం వాడి చూడొచ్చు, తర్వాత సొంతంగా వాడుకునేవాళ్లకి లైసెన్స్ 60 డాలర్లు. రికార్డింగ్‌కి గట్టి పిండం. కాకపోతే మొదటిసారి తెరిచినవాడికి దున్నని పొలంలా కనిపిస్తుంది. డ్రమ్ము చప్పుళ్లు ఉండవు, గడుల వరస తెరవగానే కనిపించదు, అన్నీ మనమే తెచ్చిపెట్టుకోవాలి. మొదటి సాయంత్రం దరువు ఎక్కించమన్నాను కదా, ఆ పరీక్షలో రీపర్ చాలామందికి ఫెయిలవుతుంది. ఆరు నెలల తర్వాత తెరిస్తే వదలరు.

ఏబుల్టన్ లైవ్ గురించి అడుగుతారని తెలుసు. బెర్లిన్‌లో స్టేజీ మీద ఎలక్ట్రానిక్ సంగీతం వాయించే మనుషులు తమ అవసరం కొద్దీ చేసుకున్నది, 2001లో బయటికొచ్చింది. ఇందులో పాట ఎడమనుంచి కుడికి సాగకపోయినా ఫర్వాలేదు. చిన్న చిన్న ముక్కలు పెట్టెల్లో పెట్టుకుంటారు, ఏ ముక్క ఎప్పుడు నొక్కినా అది తాళం తప్పకుండా అందుకుంటుంది. కాలేజీ ఫెస్ట్‌లో నిలబడి వాయించాలన్న ఆశ ఉన్నవాళ్లకి ఇదే. పెద్ద వెర్షన్ ఖరీదు. కానీ మీరు కంప్యూటర్‌కి తగిలించి వాయించే 25 మీటల చిన్న మిడి కీబోర్డు కొంటే చాలా కంపెనీలు దాంతోపాటు లైవ్ లైట్ అనే చిన్న వెర్షన్‌కి కోడ్ ఇస్తాయి, కొనేముందు అట్ట పెట్టె మీద చదవండి. లైట్‌లో 8 ట్రాకులే, అంటే వాయిద్యాలకీ గొంతులకీ కలిపి ఎనిమిది వరసలు. ఎనిమిది చాలవన్నవాళ్లని నేను నమ్మను.

(సభలోంచి ఎవరో అడిగారు: "క్రాక్ వెర్షన్, అదే డబ్బు కట్టకుండా దొంగ కాపీ, వేసుకుంటే?")

ఎవరమ్మా అడిగింది? ధైర్యం ఉంది, అందరి మనసులోనూ అదే ఉంది. (నవ్వులు) చెప్తాను. నేనూ వేసుకున్నాను. పేరెందుకుగాని, ఒక షాపులో పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి ఇచ్చారు, "ముందు యాంటీవైరస్ ఆపెయ్యండి సార్, లేకపోతే ఇన్‌స్టాల్ అవదు" అన్నారు. ఆపాను. దొంగ వస్తాడు తలుపు తీసి ఉంచండి అన్నట్టు చెప్పారు, నేను తీసి ఉంచాను. నాలుగో రోజు తెరిస్తే ఫైళ్లన్నిటికీ తోకలు మారిపోయి ఉన్నాయి, ఏదీ తెరుచుకోదు, మధ్యలో ఇంగ్లీషులో ఒక ఉత్తరం, డబ్బు కట్టమని. నలభై దాకా బీట్లు పోయాయి. అవి పోతే పోయాయి, అదే డిస్క్‌లో మా అక్క పెళ్లి ఫొటోలున్నాయి. బావ ఏమీ అనలేదుగాని అక్క ఇప్పటికీ నేను ల్యాప్‌టాప్ తెరిస్తే లేచి పక్కగదిలోకి వెళ్లిపోతుంది. ఇన్ని ఉచితంగా దొరుకుతున్నప్పుడు దానికోసం వెళ్లడం దండగ పని.

సాఫ్ట్‌వేర్ తప్పు కాని వాటికి కూడా సాఫ్ట్‌వేర్‌ని తిట్టుకుంటాం. ముఖ్యంగా బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్. మీట నొక్కుతారు, చప్పుడు ఆలస్యంగా వస్తుంది, "ఈ యాప్ బాలేదు" అని తీసేస్తారు. లెక్క చూడండి. 120 టెంపోలో ఈ తెర మీదున్న ఒక్క గడి నిడివి 125 మిల్లీసెకన్లు. బ్లూటూత్ ఆలస్యం చాలా ఇయర్‌ఫోన్స్‌లో అంతకన్నా ఎక్కువే. అంటే మీరు ఒక గడిలో కొట్టింది పక్క గడిలో వినబడుతోంది. ఏ దేవుడూ తాళం నిలబెట్టలేడు. వైరున్న మామూలు హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి. తర్వాత ఆడియో సెట్టింగ్స్‌లో బఫర్ అని ఉంటుంది, కంప్యూటర్ చప్పుడుని వదిలేముందు ఎంత పోగుచేసుకోవాలన్న లెక్క. 512 పెడితే ఆలస్యం సుమారు 12 మిల్లీసెకన్లు, 128 పెడితే 3. తగ్గించే కొద్దీ చెయ్యికీ చెవికీ దూరం తగ్గుతుంది, కాకపోతే పాత కంప్యూటర్ చిటపటలాడుతుంది, అప్పుడు ఒక మెట్టు పెంచండి. వాయించేటప్పుడు తక్కువ, మిక్సింగ్, అంటే చప్పుళ్లన్నిటినీ సరిపాళ్లలో కలిపే పని, చేసేటప్పుడు ఎక్కువ. విండోస్‌లో ఈ ఆలస్యం తగ్గించే అసియో డ్రైవర్ ఎంచుకోవడం మర్చిపోకండి.

ఇంకొక్కటి దగ్గర్నుంచి చూపిస్తాను, ఇది నాకు ఎవరూ చెప్పలేదు. విజయనగరం వైపు మా అమ్మమ్మగారి ఊళ్లో తప్పెటగుళ్లు ఆడతారు. రేకు తప్పెట గుండెకి కట్టుకుని, కాళ్లకి గజ్జెలు, ఆడుతూ పాడుతూ రెండు చేతులా వాయిస్తారు. వాళ్లని అడిగి, ఒప్పుకున్నాక, విడిగా ఒక్కో దెబ్బా ఫోన్‌లో రికార్డు చేసుకొచ్చాను. ఇదిగో, తెర మీద ఆ దెబ్బ. ఈ కొండలా లేచింది చూశారా, అది చెయ్యి తగిలిన క్షణం. దానికి ముందు ఈ సన్నటి గీత, ఏమీ లేనట్టుంది కదా? అది ముప్పై మిల్లీసెకన్ల మౌనం. ఇలాగే గడిలో పెట్టి మోగిస్తాను... బీటు వెనక్కి లాగుతున్నట్టు లేదూ? గడి సమయానికే మొదలైంది, కానీ ముందు మౌనం మోగి తర్వాత దెబ్బ పడుతోంది. ఇప్పుడు ఆ గీత కత్తిరిస్తాను, సరిగ్గా కొండ మొదలు దగ్గర. మళ్లీ వినండి. ఆ, ఇప్పుడు నిలబడింది. ఇంటర్నెట్‌లో కొన్న చప్పుళ్లు ముందే కత్తిరించి ఇస్తారు కాబట్టి మనకి ఈ సంగతి తెలీదు. సొంత చప్పుడు తెచ్చిన గుంటడికే ఇది తగులుతుంది, నెలరోజులు తన చెయ్యి మీద అనుమానపడతాడు. ఈ పని ఇందాక చెప్పిన వాటిలో దేంట్లోనైనా చేయొచ్చు.

ప్రశ్నలుంటే అడగండి, హాలుకి ఇంకో పది నిమిషాలే ఉంది.

("డీజే సాంగ్స్ చేయాలంటే ఇవేనా?" అని ఒకరు అడిగారు.)

డీజే సాంగంటే ఉన్న జానపదం పాటకి కింద బీటు వేసి వదలడమే కదా? దానికి పాటని మీ టెంపోకి సాగదీయాలి, లాగినా గొంతు మారకూడదు. అందులో లైవ్ చాలా బాగుంటుంది, ఎఫ్ఎల్‌లో ప్రొడ్యూసర్ ఎడిషన్ చాలు, ఎల్ఎంఎంఎస్‌తో కష్టపడతారు. పాట పాడినవాళ్లని అడిగారా లేదా అన్నది ఇంకో సంగతి. అడగండి.

(వీణ నేర్చుకుంటున్న ఒక అమ్మాయి, గమకాలు వీటిలో ఎలా వస్తాయని అడిగింది.)

ఈ ప్రశ్న ఎవరైనా అడిగితే బాగుణ్నని అనుకున్నానమ్మా. పియానో రోల్‌లో స్వరానికీ స్వరానికీ మధ్య గోడ ఉంటుంది. మీరు వీణ మీద తీగని పక్కకి లాగి రిషభాన్ని ఊపుతారు చూడండి, అది ఆ గడుల్లో ఉండదు. ఎఫ్ఎల్‌లో స్లయిడ్ నోటు అని ఉంది, ఒక స్వరంనుంచి ఇంకో స్వరానికి జారుతుంది, అయితే వాళ్ల సొంత సింథసైజర్లతోనే. మిగతావాటిలో పిచ్ బెండ్ గీత, అంటే స్వరాన్ని పైకీ కిందకీ వంచే గీత, చేత్తో గీయాలి. నేను మోహనంలో చిన్న ముక్క అలా గీశాను, రెండు గంటలు పట్టింది, విన్న మా పక్కింటి మాస్టారు "ఎవరో జలుబు చేసినవాడు పాడినట్టుంది" అన్నారు. (నవ్వులు) మీకు వీణ వచ్చు కాబట్టి ఆ తిప్పలెందుకు, గీయకండి, వాయించి రికార్డు చేయండి. కాబట్టి మీకు ఎల్ఎంఎంఎస్ వద్దు, ఆడియో తీసుకునేది కావాలి. ఫోన్ ఏది? ఆండ్రాయిడా, అయితే బ్యాండ్‌ల్యాబ్‌తో మొదలెట్టండి. ఫోన్‌ని వీణ కుండకి కొంచెం ఎడంగా పెట్టండి, ఫ్యాన్ ఆపండి. కింద తకిట పెట్టుకుంటారా, తకధిమి పెట్టుకుంటారా మీ ఇష్టం. వచ్చే ఆదివారం వీణ తీసుకొస్తారా? నేను బకెట్ తెస్తాను. సరే, హాలు చూసుకునే ఆయన తాళాలు పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డారు, కుర్చీలు తలో రెండు ఎత్తి గోడ పక్కన పెడదాం, రండి.